నీటికి దారిస్తేనే... మనిషికి దారి!

కొండ మీద కాలిబాట ఎలా పుడుతుంది? నలుగురూ నడిస్తే అదే పుడుతుంది అనుకుంటాం. నలుగురూ నడిస్తే అది పాడవుతుంది అంటారు అమెరికాలోని సియాటిల్ వాసులు. అందుకే అక్కడ సామాన్య జనమే వారాంతాల్లో కొండలెక్కి దారులు వేస్తారు. అడవిలో దిక్కు తెలుసుకోవడం ఎలాగో పాఠాలు చెప్పుకుంటారు. ఒక విధంగా ఇదీ శ్రమదానమే. కాకపోతే ఫొటో కోసం పార పట్టుకునే రకం కాదు!

ఉదయం ఎనిమిదిన్నర. సన్నగా తుంపర. సియాటిల్‌కు తూర్పున గంట ప్రయాణం దూరంలో, ఆకాశాన్ని కమ్మేసిన చెట్ల కింద ఒక్కొక్కటిగా కార్లు వచ్చి ఆగుతాయి. దిగినవాళ్లలో రిటైరైన టీచర్ ఉంటారు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు ఉంటారు, హైస్కూలు పిల్లాడూ వాడి వెనకే వాళ్ల నాన్నా ఉంటారు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మన తెలుగు ఇంజినీరూ ఉండొచ్చు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లలో తెలుగు కుటుంబాలకు కొదవా!

వచ్చినవాళ్లకు ముందు ఒక గట్టి టోపీ ఇస్తారు. కొత్తవాళ్లకు ఆకుపచ్చది. నారింజ రంగు టోపీ పెట్టుకున్నవాళ్లు పని తెలిసిన సహాయకులు. నీలం టోపీ ఉంటే ఆయన లేదా ఆవిడే ఆ రోజుకు మేస్త్రీ. ఉద్యోగంలో ఎంత పెద్ద మేనేజరైనా ఇక్కడ పచ్చ టోపీ పెట్టుకుని నారింజ టోపీ చెప్పినట్టు వినాల్సిందే. ఆ టోపీ కింద పదిహేడేళ్ల అమ్మాయి ఉన్నా సరే.

ఈ పనులు నడిపే సంస్థ పేరు వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్. వాషింగ్టన్ అంటే ఇక్కడ రాజధాని నగరం కాదు, దేశానికి వాయవ్య మూలన ఉన్న రాష్ట్రం. 1966లో లూయీస్ మార్షల్ అనే మహిళ కొండదారుల కబుర్లతో మొదలుపెట్టిన చిన్న పత్రికే ఈ సంస్థకు మూలం. దారుల గురించి రాయడంతో సరిపెట్టకుండా వాటిని బాగుచేసే పని 1993లో చేపట్టారు. ఇప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా పెట్టే శ్రమ లక్ష గంటలకు పైమాటే. అనుభవం అక్కర్లేదు, ఫీజు లేదు. చేతికి తొడుగులు, కాళ్లకు గట్టి బూట్లు, మధ్యాహ్నానికి డబ్బా... ఇవి తెచ్చుకుంటే చాలు.

భుజాన వేయకూడదు!

పని మొదలయ్యే ముందు పనిముట్ల పాఠం. మనకు పలుగు, పార, గొడ్డలి తెలుసు. అక్కడి కొండల్లో రారాజు ‘పులాస్కీ’. ఒకే పిడికి ఒకవైపు గొడ్డలి, రెండోవైపు గుద్దలి. 1910లో ఐడహో అడవుల్లో మహా దావానలం చెలరేగినప్పుడు ఎడ్ పులాస్కీ అనే రేంజరు తన కింద పనిచేసే నలభై మందికి పైగా మనుషులను ఒక గని సొరంగంలోకి తోసి, వాళ్లలో చాలామంది ప్రాణాలు కాపాడాడు. అడవిలో మంటలతో పోరాడేవాళ్ల చేతికి ఆ పనిముట్టును అలవాటు చేసిందీ ఆయనే. దాని పక్కనే ‘మెక్‌లాడ్’. ఒకవైపు వెడల్పాటి పార అంచు, మరోవైపు దంతె పళ్లు. మన్ను లాగడానికీ, సాపు చేయడానికీ అదే.

మన పల్లెల్లో పలుగైనా పారైనా భుజాన వేసుకుని నడవడమే అలవాటు. ఇక్కడ మొదటి నిషేధం దానికే. కాలు జారితే మెడ మీద పడేది ఆ పదునే కాబట్టి. పనిముట్టును చేత్తో పట్టుకోవాలి, పల్లం వైపున ఉంచాలి, పడితే దాన్ని అటు విసిరేయాలి. ముందు నడిచేవాళ్లకు పనిముట్టు తగలనంత ఎడం పాటించాలి. పని చేస్తున్నవారిని దాటాలంటే గట్టిగా కేకేసి, వాళ్లు చేయి ఆపాకే కదలాలి. ముందు భద్రత, తర్వాత సరదా, ఆ తర్వాతే పని అన్నది ఇక్కడి వరస. సరదా అంటే మాటవరసకు కాదు. మధ్యమధ్యలో మిఠాయి విరామాలుంటాయి. అరవై ఏళ్లవాళ్లు కూడా రంగురంగుల జెల్లీ బిళ్లల కోసం చేయి చాస్తారు.

కొన్ని అడవుల్లో మోటారు రంపం వాడటానికి వీల్లేదు. 1964 నాటి అరణ్య సంరక్షణ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాల్లో మోటారు పనిముట్లన్నీ సాధారణంగా నిషిద్ధం. చలికాలం తుపానులకు మీటరు లావున్న మాను దారికడ్డంగా పడితే ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి లాగే పొడవాటి రంపమే గతి. కోతమిల్లులు రాకముందు మన ఊళ్లలో దుంగలు కోసిన పద్ధతే! అయితే ఎవరుపడితే వాళ్లు కోయడానికి లేదు. అటవీ సర్వీసు పెట్టే శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పడిన చెట్టులో ఏ పక్క లాగుడు ఉంది, ఏ పక్క నొక్కుడు ఉంది అన్నది చూడకుండా కోస్తే రంపం ఇరుక్కోవడమో, దుంగ మీదికి దొర్లడమో జరుగుతుంది. ఈ ఒక్క పాఠానికే ఒక పూట పడుతుంది.

గట్టే శత్రువు

ఇక అసలు విద్య. దారి వేసేవాడి పోరాటం రాళ్లతోనో చెట్లతోనో అనుకుంటాం. కాదు, నీళ్లతో. సియాటిల్ పక్కనున్న క్యాస్కేడ్ కొండల్లో శరత్కాలం నుంచి వసంతం దాకా వాన పడుతూనే ఉంటుంది. నీరు పల్లమెరుగు అన్నది మనకు తెలిసిన మాటే. కొండ మీద అడుగుల రాపిడికి మెత్తబడిన సన్నటి బాట కనిపిస్తే నీటికి అంతకన్నా సుఖమైన కాలువ ఏముంటుంది? అందులో దిగి పరుగెడుతుంది, మన్ను కోసుకుపోతుంది. నాలుగైదేళ్లకు బాట మోకాలి లోతు గండి అవుతుంది. గండిలో నడవలేక జనం పక్కనుంచి నడుస్తారు. పక్కన మరో గండి!

అందుకని దారికి ‘వాటం’ ఇస్తారు. డాబా మీద నీళ్లు తూము వైపు పోయేలా మేస్త్రీ ఇచ్చే వాటమే ఇదీ. మీటరు వెడల్పు బాటకు పల్లం వైపు అయిదు సెంటీమీటర్లు దించితే చాలు, నడిచేవాడికి తెలియదు, నీటికి తెలుస్తుంది. పైనుంచి వచ్చిన నీరు బాటను అడ్డంగా దాటి అవతలికి జారిపోతుంది. కొన్నాళ్లకు బూట్ల ఒత్తిడికి బాట మధ్యలో కుంగి, బయటి అంచున సన్నటి గట్టు పేరుకుంటుంది. అది నీటిని బాటలోనే ఆపేస్తుంది. పొలంలో నీరు నిలవాలంటే గట్టు కావాలి. ఇక్కడ గట్టే శత్రువు. కొత్తగా వచ్చినవాళ్లకు తొలిరోజు అప్పగించే పని చాలాసార్లు అదే... గట్టు తెంచడం!

కొత్త బాట తవ్వేటప్పుడు మరో సూత్రం. కొండ వాలు ఎంతుందో బాట వాలు అందులో సగానికి మించకూడదు. మించితే నీరు అడ్డంగా దాటిపోకుండా బాట పట్టుకునే దిగుతుంది. ఈ కొలత కంటిచూపుతో కుదరదు, వాలు కొలిచే చిన్న పరికరం ఉంటుంది. పైన పేరుకున్న కుళ్లిన ఆకుల పొరంతా తీసేయాలి. అది స్పంజిలా నీరు తాగి బురదవుతుంది. కింద గట్టి మన్ను తగిలేదాకా తవ్వి, కొండను బల్లలా చెక్కి, ఆ బల్ల మీద నడవాలి. తవ్విన మన్నును పల్లం వైపు పోసి దాన్నే బాటగా వాడితే తవ్వకం సగం తగ్గుతుంది. కొత్తవాళ్లకు వెంటనే తట్టే ఉపాయం కూడా అదే. రెండు చలికాలాలు గడిచేసరికి ఆ పోసిన సగం జారిపోతుంది.

ఒక పచ్చ టోపీ రోజంతా చెమటోడిస్తే పూర్తయ్యేది కొన్ని అడుగుల బాట. ఆ కొన్ని అడుగులనూ నడిచేవాడు అయిదారు క్షణాల్లో దాటేస్తాడు, కింద ఏముందో చూడకుండా!

కొండకొమ్మున పోస్టు డబ్బా

ఇదంతా ఎందుకన్నది తెలియాలంటే మెయిల్‌బాక్స్ శిఖరం కథ వినాలి. నార్త్ బెండ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంటుంది. శిఖరం మీద నిజంగానే ఒక పోస్టు డబ్బా ఉంది. 1960లో ఒక పోస్ట్‌మ్యాన్ మోసుకెళ్లి పెట్టాడని చెబుతారు. ఎక్కినవాళ్లు అందులో చీటీలు, బొమ్మలు, చాక్లెట్లు వదిలి వస్తుంటారు. ఆ డబ్బా దగ్గర ఫొటో దిగాలన్న సరదా, సియాటిల్‌కు గంటలోపు దూరం... ఇంకేం, జనం విరగబడ్డారు.

పాత దారిని ఎవరూ గీసి వేయలేదు. కాళ్లు పడి పుట్టింది. వాలు ఎటుంటే అటే, నిట్టనిలువుగా. నాలుగు కిలోమీటర్ల చిల్లర నడకలో 4000 అడుగులు ఎక్కాలి. మన తిరుమల మెట్లదారి ఎక్కించే ఎత్తు ఇందులో ముప్పాతిక కూడా ఉండదు. ఆ మాటకొస్తే కొండకు దారి విషయంలో మన పెద్దలు చేసిన ఉపాయం వేరు. దారి నిటారుగా ఉండక తప్పదనుకున్న చోట రాయి వేశారు. అలిపిరి నుంచి 3550, శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లు. వాన ఎంత పడ్డా రాయి కోసుకుపోదు. మెయిల్‌బాక్స్ పాత దారిలో రాయి లేదు, మెట్టు లేదు. వానకు మన్ను పోయి వేళ్లు తేలాయి. వేళ్ల మధ్య బురద.

ఎక్కడం కష్టమేగానీ ప్రమాదం కాదు, పైకి చూస్తూ పోవడమే. దిగడంలోనే చిక్కు. దట్టమైన చెట్ల మధ్య బురద తప్పించుకోవడానికి ఎవరికి తోచిన పక్కదారి వాళ్లు వేసుకున్నారు. దిగేవాడికి అన్నీ దారుల్లాగే కనిపిస్తాయి. సాయంత్రమైతే ఏదీ కనిపించదు. ఒకటి పట్టుకుని దిగితే అది పొదల్లో ఆగిపోతుంది. ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. అక్కడి ప్రభుత్వ శాఖ చెట్లకు వెలుతురు పడితే మెరిసే బిళ్లలు కొట్టించింది. అయినా గాలింపు బృందాలకు పిలుపులు తప్పలేదు. పాత దారి మొదట్లో ఇప్పటికీ ఒక హెచ్చరిక పలక ఉంది. దారి చాలా నిటారు, ఆనవాలు పట్టడం కష్టం, గాలింపు బృందాలను తరచూ పిలవాల్సి వస్తోంది అని.

చివరికి కొత్త దారి గీశారు. ఘాట్ రోడ్డులా మలుపులు తిప్పుతూ, వాగులు దాటేచోట వంతెనలు కడుతూ. ప్రభుత్వ శాఖ పథకం వేసింది, డబ్బు పెట్టింది. తవ్వకంలో స్వచ్ఛంద బృందాలు చేయి వేశాయి. 2014 సెప్టెంబరులో దారి తెరిచారు. పాత దారికి దాదాపు రెట్టింపు పొడవు, ఏడున్నర కిలోమీటర్లు. చివరన బండల మధ్య ఎక్కే భాగం మాత్రం ఇప్పటికీ మోకాళ్ల పరీక్షే. అది రెండు దారులకూ ఉమ్మడి.

పొడవు పెరిగింది కదా అని సణిగేవాళ్లు లేకపోలేదు. కానీ చీకటిపడ్డాక టార్చిలైటు వెలుగులో దిగే మనిషికి అది దారిలాగే కనిపిస్తుంది. ఒక్కటే దారి. దాని కోసం ఎవరో గట్లు తెంచారు, ఆకులు లాగారు, అడ్డదారుల మొదట్లో కొమ్మలు పేర్చి మూసేశారు.

దిక్సూచీ అబద్ధమాడుతుంది

దారి ఎంత బాగున్నా మంచు కప్పేస్తే కనిపించదు. అప్పుడు కావాల్సింది రెండో విద్య. సియాటిల్‌లో ‘ది మౌంటెనీర్స్’ అనే సంఘం 1906 నుంచి ఉంది. కొండకు వెళ్లేవాళ్ల సంచిలో ఉండాల్సిన పది వస్తువుల జాబితాను 1930లలో తయారుచేసింది వాళ్లే. అందులో పటం, దిక్సూచి ఉన్నాయి. వాటిని వాడటం నేర్పే తరగతులు ఈ సంఘం ఇప్పటికీ నడుపుతోంది. పాఠాలు చెప్పేవాళ్లూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే.

ఫోన్ ఉండగా ఇవెందుకు? ప్రతి తరగతిలోనూ వచ్చే ప్రశ్నే. ముందే పటం దించుకుంటే సిగ్నల్ లేకున్నా ఫోన్ దారి చూపుతుంది, నిజమే. కానీ చలికి బ్యాటరీ పడిపోతుంది. తడిసిన వేళ్లకు తెర పలకదు. కాగితం పటానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

మొదటి పాఠం పటంలో గీతలు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఆ గీతలు వేలిముద్రలోని చారల్లా ఉంటాయి. దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే చదును. గీతలు ‘వి’ ఆకారంలో ఎగువకు పొడుచుకొస్తే లోయ, దిగువకు వస్తే గట్టు. ఇంతేనా అనిపిస్తుంది. పటం పక్కనపెట్టి ఎదురుగా ఉన్న కొండను చూస్తే అర్థమవుతుంది ఎంత కష్టమో!

రెండోది దిక్సూచి. దాని ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరాన్ని. పటంలో ఉన్నది అసలు ఉత్తరం. ఈ రెంటికీ తేడా ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో అది ఒక డిగ్రీ అటూఇటూ, పట్టించుకోనక్కర్లేదు. సియాటిల్‌లో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. హైదరాబాద్‌లో దిక్సూచి పట్టడం నేర్చుకున్న మనిషి అదే లెక్కతో క్యాస్కేడ్ అడవిలో ఒక కిలోమీటరు నడిస్తే చేరాల్సిన చోటుకు 260 మీటర్లు పక్కన తేలతాడు. పొగమంచులో 260 మీటర్లంటే వేరే లోయే కావచ్చు. అందుకే ఆ 15 డిగ్రీలు ముందే దిక్సూచిలో సరిచేసుకోవడం తరగతిలో మళ్లీ మళ్లీ చేయిస్తారు.

అన్నిటికన్నా ముచ్చటైన పాఠం ‘కావాలని తప్పడం’. వాగు మీద వంతెన దగ్గరికి చేరాలి. సూటిగా వంతెన వైపే నడిస్తే కాస్త తేడాతో వాగు ఒడ్డు తగులుతుంది, వంతెన కుడివైపుందో ఎడమవైపుందో తెలియదు. అందుకని ముందే నాలుగు డిగ్రీలు ఎడమకు తప్పి నడుస్తారు. వాగు తగలగానే ఆలోచించనక్కర్లేదు, కుడికి తిరగడమే. తాను తప్పు చేస్తానని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ఏ పక్క ఉండాలో తానే నిర్ణయించుకోవడమన్నమాట!

ఆపైన అడవిలో పరీక్ష. చెట్ల మధ్య దాచిన గుర్తులను పటం, దిక్సూచి, అడుగుల లెక్కతో పట్టుకోవాలి. వంద మీటర్లకు తనవి ఎన్ని అడుగులో ప్రతి ఒక్కరూ కొలుచుకుంటారు. భార్యాభర్తలను ఒకే జట్టులో వేస్తే ఎటు వెళ్లాలన్న చర్చలోనే పుణ్యకాలం గడిచిపోతుందని ఎవరికైనా తెలుసు, దానికి దిక్సూచి అక్కర్లేదు.

పిల్లలకు ఇంత లెక్క లేదు. వాళ్ల పాఠం ఒక్కటే. తప్పిపోయామనిపిస్తే నడవొద్దు, దగ్గరున్న చెట్టును కావలించుకో, ఈల ఊదు. 1981లో కాలిఫోర్నియా కొండల్లో తప్పిపోయిన తొమ్మిదేళ్ల బాలుడు ప్రాణాలతో దొరకలేదు. ఆ గాలింపులో పాల్గొన్నవాళ్లే బడిపిల్లల కోసం ఈ పాఠాన్ని తయారుచేశారు. వెతికేవాళ్లకు కదిలే పిల్లాడి కన్నా కదలని పిల్లాడు త్వరగా దొరుకుతాడు. ఆర్నెల్ల వీసా మీద వచ్చి, మనవలతో కలిసి ర్యాటిల్‌స్నేక్ కొండ లాంటి తేలిక దారులెక్కే తాతయ్యలకూ అమ్మమ్మలకూ పనికొచ్చే మాటే.

వాషింగ్టన్‌లో గాలింపు బృందాల్లోనూ ఎక్కువమంది స్వచ్ఛంద కార్యకర్తలే. 1954లో మొదలైన ‘ఎక్స్‌ప్లోరర్’ గాలింపు దళాల్లో హైస్కూలు పిల్లలు కూడా శిక్షణ పొంది, వానలో, రాత్రివేళ అడవిలోకి వెళతారు. దారి వేసేది ఊరివాళ్లే, దారి తప్పితే వెతికేదీ ఊరివాళ్లే.

మరి ప్రభుత్వం?

అంత సంపన్న దేశం తన అడవి దారులకు జీతగాళ్లను పెట్టుకోలేదా? ఈ ప్రశ్న అక్కడా వినిపిస్తుంది. అమెరికా అటవీ సర్వీసు చేతిలో రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా కాలిదారులున్నాయి. వాటిలో 2012లో ఆ శాఖ ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నవి నాలుగో వంతేనని మరుసటి ఏడాది పార్లమెంటు తరఫు ఆడిటర్లు తేల్చారు. పేరుకున్న మరమ్మతుల విలువ 31 కోట్ల డాలర్లు దాటింది. 2025 ఫిబ్రవరిలో ఆ శాఖలో కొత్తగా చేరిన ఉద్యోగులను వేల సంఖ్యలో తొలగించారు. తర్వాత కొందరిని వెనక్కి తీసుకున్నా, రంపం పట్టి లోపలి అడవుల్లోకి వెళ్లే అనుభవజ్ఞులు చాలాచోట్ల తగ్గిపోయారు.

శని, ఆదివారాల శ్రమదానం ఆ లోటును పూడ్చలేదు. ఊరికి దగ్గరున్న దారికి కార్యకర్తలు దొరుకుతారు, రెండు రోజులు నడిస్తేగానీ చేరలేని దారికి దొరకరు. జనం ఊరికే చేస్తున్నారు కదా అని బడ్జెట్ కోసేవాళ్లకు ఇదో సాకు అవుతుందన్న భయమూ ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ భయంతో పార పక్కన పెడితే వచ్చే చలికాలం వాన ఆగుతుందా?

మధ్యాహ్నం మూడున్నరకు పని కట్టేస్తారు. పనిముట్లు లెక్కపెట్టాలి, ఒక్కటి తగ్గినా వెతకాలి. బట్టలన్నీ బురద. కొన్నిసార్లు వచ్చినవాళ్లకు పేరు రాసిన టోపీ బహుమతి. దాన్ని మురిపెంగా కారు వెనక అద్దం దగ్గర పెట్టుకునేవాళ్లున్నారు. బయల్దేరే ముందు ఎవరో ఒకరు సీసాలో మిగిలిన మంచినీళ్లను కొత్తగా చెక్కిన బాట మీద పోస్తారు. అందరూ వంగి చూస్తారు. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి, పల్లం వైపు అంచు దాటి ఫెర్న్ మొక్కల్లోకి జారిపోతాయి.